1932 ఫోర్డ్ హైబాయ్ కడుతున్నాను: ఫ్రేము, ముందు ఇరుసు, గేర్‌బాక్స్ మీద సలహాలు కావాలి

డియర్‌బోర్న్_డ్యూస్

అందరికీ నమస్తే. మిషిగన్‌లో ఉంటున్నాను, ఉద్యోగం సస్పెన్షన్ ఇంజినీరుగా. రోజంతా కంప్యూటర్ మీద చేసే పని వేరు, ఇనుము కోసి అతికించి ఒక బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టడం వేరు. ఆ రెండోది చేతులారా చేయాలని ఎన్నాళ్లనుంచో ఉంది. ఇప్పుడు గ్యారేజీలో 1932 ఫోర్డ్ ఫ్రేము స్టాండ్ల మీదకి ఎక్కింది.

ఫ్రేము అసలుదే, ఫ్యాక్టరీలో వచ్చినది. మధ్యలో ఉండాల్సిన కె-మెంబరును (ఫ్రేము రెండు పక్కలనీ కలిపే కె ఆకారపు అడ్డు కమ్మీ) ఎవరో ఎప్పుడో గ్యాస్ కటింగ్ పెట్టి తీసేశారు. వెనక క్రాస్‌మెంబరు దగ్గర తుప్పు ఉంది కానీ రెయిల్స్ గట్టిగానే ఉన్నాయి. బాడీ కొత్తగా ప్రెస్ చేసిన స్టీల్ రోడ్‌స్టర్. ఇంజిన్ 1950 నాటి 8బిఎ ఫ్లాట్‌హెడ్ వి8 (వాల్వులు బ్లాకులోనే ఉండే పాత ఫోర్డ్ రకం), 239 క్యూబిక్ అంగుళాలు, కొత్తలో 100 హార్స్‌పవర్.

హైబాయ్‌గా కడదామని నా కోరిక. అంటే మడ్‌గార్డులు ఉండవు, బాడీ ఫ్రేము పైనే కూర్చుంటుంది. ఈ పద్ధతి 32కి నప్పినంతగా వేరే దేనికీ నప్పదని నా అభిప్రాయం. మోడల్ ఎ లో ఫ్రేమును రేకుతో కప్పేసేవారు. 32లో సైడ్ రెయిల్ బయటికే కనబడుతుంది, దాని పొడుగునా నొక్కిన అంచు ఒకటి సాగుతుంది. మడ్‌గార్డులు తీసేసినా బండి బోసిపోదు.

ఇప్పుడు నన్ను ఆపుతున్నవి మూడు. ఫ్రేమును ఎంతవరకు బాక్సింగ్ చేయాలి? ముందు ఐ-బీమ్ ఇరుసా, ట్యూబ్ ఇరుసా? వెనక పాత ఫోర్డ్ బాంజో (మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే వెనక ఇరుసు) ఉంచాలా, 9 అంగుళాల ఫోర్డ్ ఇరుసుకి మారాలా? గేర్‌బాక్స్ మాత్రం టి5 (ఐదు గేర్ల మాన్యువల్) అని దాదాపు నిర్ణయించుకున్నాను.

పాతఫోర్డు_ఒహాయో

శుభం అన్నా. అసలు 32 ఫ్రేము దొరకడమే గొప్ప.

గ్రైండర్ పట్టుకోకముందే ఒక పని చేయండి. ఎడమ రెయిల్ పై అంచు మీద నంబరు కొట్టి ఉంటుంది, వి8 బండి అయితే 18తో మొదలవుతుంది. స్టీరింగ్ బాక్సు దగ్గర తీగ బ్రష్‌తో మెల్లగా తుడిచి చూడండి. దాన్ని ఫొటో తీసి, మీ టైటిల్ కాగితంలో ఉన్న నంబరుతో సరిపోల్చండి. ఆ చోట గ్రైండర్ తగలకూడదు, ప్లేటు అతకకూడదు. నంబరు పోతే రిజిస్ట్రేషన్ దగ్గర పడే తిప్పలు వెల్డింగ్ తిప్పల కంటే పెద్దవి.

రెండోది. మీరు అడిగిన మూడూ విడివిడి ప్రశ్నలు కావు. ముందు చక్రాలు, టైర్లు తెచ్చుకోండి. బండి నేల నుంచి ఎంత ఎత్తులో నిలబడాలో తేల్చుకోండి. ఇరుసు డ్రాప్ (ఇరుసు నడుము ఎంత కిందకి దిగి ఉంటుందో), స్ప్రింగ్ వంపు, క్రాస్‌మెంబరు ఎత్తు, ఇంజిన్ కోణం అన్నీ ఆ ఎత్తులోంచే వస్తాయి. టైరు లేకుండా ఫ్రేము కొలతలు వేసుకుంటే ప్రతిదీ రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

వెల్డ్_బీడ్_హ్యూస్టన్

బాక్సింగ్ గురించి నేను చెప్తాను, పైప్‌లైన్ వెల్డింగ్ తనిఖీ నా వృత్తి.

32 రెయిల్ సి ఆకారంలో ఉంటుంది, లోపలి వైపు తెరిచి. ఆ తెరిచిన వైపు ప్లేటు వేసి మూసేస్తే పెట్టె అవుతుంది, బాక్సింగ్ అంటే అంతే. 65 హార్స్‌పవర్ ఇంజిన్‌కి, ఆ రోజుల రోడ్లకి సరిపడా చేసిన ఫ్రేము అది. కె-మెంబరు కూడా లేదంటున్నారు కాబట్టి ఇప్పుడు ఆ ఫ్రేమును మెలితిప్పకుండా పట్టుకునేది దాదాపు ఏదీ లేదు. ముందు నుంచి వెనకదాకా పూర్తిగా బాక్స్ చేసి, మధ్యలో ఎక్స్ ఆకారంలో గాని, గొట్టాలతో కె ఆకారంలో గాని కొత్త మెంబరు పెట్టండి.

అసలు సమస్య బలం కాదు, వేడి. పొడుగాటి వెల్డు చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. వెల్డంతా లోపలి వైపే పడుతుంది గనుక రెయిల్ లోపలికి విల్లులా వంగుతుంది. అందుకే ముందు ఫ్రేమును బల్లకు బిగించాలి. బల్ల లేకపోతే మందపాటి ఐ-బీములు రెండు నేల మీద పరిచి, రసమట్టంతో సరిచూసి, వాటికి టాక్ (తాత్కాలిక చుక్క వెల్డు) వేసి పట్టించండి. ముందు క్రాస్‌మెంబరు, వెనక క్రాస్‌మెంబరు వాటి చోట్లలో ఉండాలి. ఆ తర్వాతే ప్లేట్లు.

ప్లేటును చిన్న టాకులతో పట్టించి, కర్ణాలు కొలవండి. 32 ఫ్రేము ముందుకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి అంచుల్నించి కాకుండా ఎడమా కుడీ ఒకే రంధ్రం నుంచి ఒకే రంధ్రానికి కొలవాలి. రెండు కర్ణాల మధ్య తేడా 1/16 అంగుళంలోపు ఉంటే చాలా మంచిది, 1/8 దాటితే ఆగండి. తర్వాత ఒక్కోసారి అంగుళం, అంగుళంన్నర వెల్డు వేసి ఎదుటి రెయిల్‌కి వెళ్లండి. అక్కడ వేసి మళ్లీ ఇటు. చెయ్యి పెట్టి చూస్తే కాలకూడదు, అంత చల్లారాకే పక్క కుట్టు. తొందర ఉన్నవాళ్లు చేయాల్సిన పని కాదిది.

ప్లేటును అంచుతో సమానంగా కాకుండా కొంచెం లోపలికి దించి వేస్తే గ్రైండింగ్‌లో వెల్డు సన్నబడిపోదు. బ్రేకు గొట్టాలకు, వైర్లకు రంధ్రాలు, బాడీ బోల్టులకు నట్లు పెట్టె మూయకముందే. మూసేశాక చెయ్యి దూరదు.

టెక్సాస్_రాడ్డర్

బాక్సింగ్ మీద వెల్డ్_బీడ్ గారు చెప్పింది అక్షరాలా నిజం.

ముందు ఇరుసుకి నా ఓటు ట్యూబ్ ఇరుసు, 4-బార్. 4 అంగుళాల డ్రాప్ ఉన్నది తీసుకోండి. ఒక్కో పక్క రెండు సమాంతర రాడ్లు ఇరుసును పట్టుకుంటాయి. చక్రం లేచినా దిగినా కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే నిలువు పిన్ను) కోణం పెద్దగా మారదు. సర్దుబాటు సులభం, రాడ్ చివర తిప్పితే కాస్టర్ (ఆ పిన్ను వెనక్కి వాలే కోణం) మారిపోతుంది. నా బండి ఇలాగే ఉంది, డాలస్ చుట్టుపక్కల హైవే మీద ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతోంది.

పాతఫోర్డు_ఒహాయో

> ముందు ఇరుసుకి నా ఓటు ట్యూబ్ ఇరుసు, 4-బార్

4-బార్ మంచిదే, కాదనను. కానీ మడ్‌గార్డుల్లేని హైబాయ్‌కి ముందు భాగమంతా బయటికే కనబడుతుంది. దానికి ఐ-బీమ్ ఇరుసు, హెయిర్‌పిన్ రాడ్లే (జడపిన్ను ఆకారంలో ఇరుసు నుంచి ఫ్రేముకి వెళ్లేవి) అందం. 1940ల్లో దక్షిణ కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద పరిగెత్తిన రోడ్‌స్టర్లలో ఎక్కువ వాటికి ఫోర్డ్ ఐ-బీమే ఉండేది, దాన్నే వేడిచేసి డ్రాప్ చేయించేవారు.

డియర్‌బోర్న్ గారూ, ఏది తీసుకున్నా జోడీ మార్చకండి. ఐ-బీమ్‌కి హెయిర్‌పిన్ గాని చీల్చిన విష్‌బోన్ (ఫోర్డ్ అసలు వి ఆకారపు రాడ్డు) గాని. ట్యూబ్‌కి 4-బార్. ట్యూబ్ ఇరుసుకి హెయిర్‌పిన్ మాత్రం వద్దు.

ఆటోనగర్_కమాన్

విజయవాడ ఆటోనగర్ నుంచి. మా షాపులో లారీ కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) చేస్తాం. హాట్ రాడ్ (ఇలా మార్చి కట్టే పాత కారు) ఎప్పుడూ ముట్టుకోలేదు కానీ మీ ఫొటో చూసి ఆగలేకపోయాను.

ఈ ఫోర్డ్‌కి కమాన్ అడ్డంగా ఉంది. మా లారీలకి నిలువుగా ఉంటుంది, బరువు మోసేదీ అదే, ఇరుసును ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకునేదీ అదే. మీదాంట్లో కమాన్ బరువు మాత్రమే మోస్తుంది. ముందుకు వెనక్కి పట్టుకునే పని పూర్తిగా ఆ రాడ్లదే. బ్రేకు కొట్టినప్పుడు వచ్చే తోపంతా వాటి మీదే పడుతుంది. కాబట్టి రాడ్ల చివర బ్రాకెట్లు, బోల్టులు చౌకగా కానివ్వొద్దు తమ్ముడూ.

కమాన్ గురించి నాకు తెలిసిన మాట. బండి ఎత్తు తగ్గాలని పట్టీలు తీసేస్తే మిగిలిన పట్టీలు మెత్తబడి కిందకి కొడతాయి. తీసినా ఒకటి, రెండు. వంపు తగ్గించాలంటే చల్లగా ఉన్నప్పుడే ప్రెస్ మీద గాని సుత్తితో గాని వంచాలి, గ్యాస్ మంట తగిలితే ఆ పట్టీకి పదును పోతుంది, కొన్నాళ్లకి వాలిపోతుంది. సెంటర్ బోల్టు బలానికి కాదు, పట్టీలు జారకుండా కూర్చోపెట్టడానికి. బిగువంతా యు-బోల్టులది. యు-బోల్టు వదులైతే పట్టీ సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతుంది. మొదట కొన్ని మైళ్లు నడిపాక మళ్లీ బిగించండి.

షాకిల్స్ (కమాన్ చివరల్ని ఇరుసుకి కలిపే లింకులు) బండి బరువు మీద ఉన్నప్పుడు 45 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. నిటారుగా నిలబడితే ఇరుసు అటూ ఇటూ ఊగుతుంది. మరీ పడుకుంటే కమాన్ సాగడానికి చోటుండదు, రాయిలా కొడుతుంది.

డియర్‌బోర్న్_డ్యూస్

కమాన్ అన్నా, చాలా థాంక్స్. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

పాతఫోర్డు గారు చెప్పిన జోడీ విషయం చేసి చూశాను. డ్రాప్ చేసిన ఐ-బీమ్ నా దగ్గర ఉంది, ఇక్కడి స్నేహితుడు తన ట్యూబ్ ఇరుసు రెండు రోజులకి ఇచ్చాడు. ఫ్రేము మీద ఇంజిన్ కూర్చోబెట్టి, ముందు ఇరుసును హెయిర్‌పిన్లతో బిగించాను. కుడి వైపు స్టాండు మీద ఉంచి, ఎడమ కింగ్‌పిన్ కింద జాక్ పెట్టి 3 అంగుళాలు లేపాను.

హెయిర్‌పిన్ పొడవు 30 అంగుళాలు. ఒక పక్క 3 అంగుళాలు లేస్తే ఆ పక్క రాడ్ దాదాపు 5.7 డిగ్రీలు తిరగాలి. హెయిర్‌పిన్ ఇరుసుకి కదలకుండా బిగించి ఉంటుంది కాబట్టి ఇరుసు ఎడమ చివర కూడా అంతే తిరగాలి, కుడి చివర మాత్రం ఉన్నచోటే ఉండాలి. అంటే ఇరుసు నడుమ మెలిక పడాలి. ఐ-బీమ్‌లో కోణం కొలిచే పరికరం రెండు చివర్లా పెట్టి చూస్తే 4 డిగ్రీలకి పైగా తేడా వచ్చింది, మిగతాది బుష్‌లు తీసుకున్నాయి. జాక్ దించితే మళ్లీ సున్నాకి వచ్చింది. చప్పుడు లేదు, పెనుగులాట లేదు.

ట్యూబ్ ఇరుసు పెట్టి అదే జాక్ అంతే ఎత్తు లేపితే, ఇరుసు మెలితిరగలేదు. బదులుగా ఎడమ హెయిర్‌పిన్ వెనక బ్రాకెట్టు కళ్లముందే వంగడం మొదలైంది, ఫ్రేము స్టాండు మీద నుంచి లేచింది. అక్కడితో ఆపేశాను.

ఆలోచిస్తే ఇది వెల్డ్_బీడ్ గారు బాక్సింగ్ గురించి చెప్పిన సూత్రమే. తెరిచిన ఆకారం మెలికకి లొంగుతుంది, మూసిన ఆకారం లొంగదు. ఫ్రేము సి ఆకారం కనుక మెలితిరుగుతుంది, దాన్ని మూసేసి ఆపుతున్నాం. ఐ-బీమ్ కూడా తెరిచిన ఆకారమే కనుక మెలితిరుగుతుంది, కానీ అక్కడ మెలిక మనకి కావాలి. ట్యూబ్ మూసిన గొట్టం, అది తిరగదు కనుక రాడ్లే తిరిగేలా 4-బార్ కావాలి. ఫోర్డ్ అసలు డిజైన్‌లో విష్‌బోన్ రెండు కాళ్లూ వెనక ఒకే బంతి జాయింటుకి చేరేవి, అందుకే అక్కడ ఏ మెలికా లేదు. దాన్ని చీల్చి ఫ్రేముకి రెండు పక్కలా కట్టడంతోనే ఈ కథ మొదలైంది.

నిర్ణయం అయిపోయింది: ఐ-బీమ్, హెయిర్‌పిన్లు.

టెక్సాస్_రాడ్డర్

బాగా చూపించారు. హెయిర్‌పిన్ పెట్టిన ట్యూబ్ ఇరుసు బండ్లలో బ్రాకెట్ల దగ్గర పగుళ్లు నేను కూడా చూశాను, కారణం ఇంత తేటగా ఎప్పుడూ తట్టలేదు.

మరి స్టీరింగ్? డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాలకి వెళ్లే రాడ్డు) అడ్డంగా వెళ్లేదా, 32లో ఉన్నట్టు పక్కనుంచి ముందుకు వెళ్లేదా?

డియర్‌బోర్న్_డ్యూస్

వేగా బాక్సు (షెవర్లే వేగా కారు స్టీరింగ్ బాక్సు) పెట్టి అడ్డంగా అనుకుంటున్నాను. దొరకడం తేలిక.

పాతఫోర్డు_ఒహాయో

వేగా బాక్సు పెడితే పాన్‌హార్డ్ బార్ తప్పనిసరి. కారణం షాకిల్స్. మీరు స్టీరింగ్ తిప్పితే డ్రాగ్ లింక్ ఇరుసును పక్కకి తోస్తుంది. షాకిల్స్ ఊగడానికే ఉన్నాయి కాబట్టి చక్రం తిరగకముందు ఇరుసే పక్కకి జరుగుతుంది. స్టీరింగ్‌లో ఎక్కడా వదులు లేకపోయినా వదులున్నట్టే అనిపిస్తుంది. పాన్‌హార్డ్ బార్ ఒక చివర ఫ్రేముకి, ఒక చివర ఇరుసుకి ఉండి ఆ జరుగుడు ఆపుతుంది. దాన్ని డ్రాగ్ లింక్‌కి సమాంతరంగా, వీలైనంత అదే పొడవులో పెట్టండి. అప్పుడు గుంటలో పడినా రెండూ ఒకే వలయంలో కదులుతాయి, చక్రం దానంతట అది తిరగదు.

నేనైతే 1948–52 ఫోర్డ్ ఎఫ్-1 ట్రక్కు బాక్సు పెట్టి, డ్రాగ్ లింక్ పక్కనుంచి ముందుకు తీసుకెళ్తాను. 32కి అదే పాత దారి. అక్కడ చూసుకోవాల్సింది, డ్రాగ్ లింక్ వెనక చివర, హెయిర్‌పిన్ వెనక చివర పక్కనుంచి చూస్తే దగ్గరదగ్గరగా ఉండాలి. లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు ముక్కు కిందకి వంగి స్టీరింగ్ లాగుతుంది.

టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు) ఇరుసు వెనకే ఉంచండి. స్టీరింగ్ చేతులు లోపలికి వంగి ఉంటాయి, వాటి గీతలు పొడిగిస్తే వెనక ఇరుసు మధ్యకి చేరాలి. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరిగేది దాని వల్లే. టై రాడ్‌ను ముందుకు తెస్తే అదే చేతులతో లెక్క తిరగబడుతుంది, మలుపులో టైర్లు కీచుమంటాయి.

కాస్టర్ 5 నుంచి 7 డిగ్రీలు. టో-ఇన్ (చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగి ఉండే కొలత) 1/16 నుంచి 1/8 అంగుళం. ముందు చక్రాలు గడగడ వణికాయంటే కాస్టర్ కంటే ముందు కింగ్‌పిన్ బుష్‌లు, టై రాడ్ చివరలు, చక్రాల బ్యాలెన్సు చూడండి.

మెల్‌బోర్న్_గ్యారేజ్

ఇక్కడ ఆస్ట్రేలియాలో 1949కి ముందు బాడీ ఉన్నవాటినే స్ట్రీట్ రాడ్‌గా తీసుకుంటారు, స్టీరింగ్, బ్రేకులు చాలా పట్టిపట్టి చూస్తారు. అందుకని బ్రేకుల మాట ఒకటి.

ఇలా కట్టే 32 హాట్ రాడ్లలో మాస్టర్ సిలిండర్‌ని ఫ్లోర్ కింద, ఫ్రేముకి పెడతారు. అంటే చక్రాల్లోని సిలిండర్ల కంటే కిందన. పెడల్ వదిలాక ద్రవం నెమ్మదిగా వెనక్కి జారుతుంది, తర్వాతసారి పెడల్ సగం దాకా ఖాళీగా వెళ్తుంది. దానికి రెసిడ్యువల్ వాల్వు (లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచేది) లైనులో పెట్టాలి: డిస్కుకి 2 పిఎస్ఐ, డ్రమ్‌కి 10 పిఎస్ఐ. డ్రమ్ వాల్వు డిస్కుకి పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ముందుకీ వెనక్కీ విడి సర్క్యూట్లున్న మాస్టర్ సిలిండరే తీసుకోండి, పాత సింగిల్ వద్దు.

డియర్‌బోర్న్_డ్యూస్

ముందు 1939–48 నాటి లింకన్ డ్రమ్ బ్రేకులు దొరికాయి, 12 అంగుళాల బెండిక్స్. అవే పెడుతున్నాను. అదే కాలపు ఫోర్డ్ బ్రేకుల కంటే వీటిలో షూ తనంతట తాను డ్రమ్‌లోకి బిగుసుకునే గుణం ఉంది, పెడల్ మీద కాలి బలం తక్కువ సరిపోతుంది. వాల్వు 10 పిఎస్ఐ అని రాసుకున్నాను. ధన్యవాదాలు.

ఇక వెనక వైపు. బాంజో మీద మనసు పోతోంది.

టెక్సాస్_రాడ్డర్

బాంజో వద్దంటాను. 9 అంగుళాల ఫోర్డ్ 1957లో వచ్చింది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. క్రౌన్-పినియన్ ఉన్న ముక్క మొత్తం ముందు నుంచి ఊడొస్తుంది, రేషియో మార్చాలంటే ఒక సాయంత్రం పని. బాంజోలో యాక్సిల్ చివర కొనదేరి ఉంటుంది, హబ్బు దాని మీద కీతో కూర్చుంటుంది. హబ్బు ఊడదీయాలంటే ప్రత్యేకమైన పుల్లర్ కావాలి, నట్టు కాస్త వదులైతే కీ తెగుతుంది. ఇంకా ఇంజిన్ కూడా మార్చుకుంటే హాయి. 350 షెవర్లే పెట్టి మర్చిపోండి.

పాతఫోర్డు_ఒహాయో

షెవర్లే స్మాల్ బ్లాక్ 1955లో 265 క్యూబిక్ అంగుళాలు, 162 హార్స్‌పవర్‌తో వచ్చినప్పుడు ఫ్లాట్‌హెడ్ రోజులు అయిపోయాయి, అది చరిత్ర. శక్తి కావాలంటే అదే దారి, వాదించను. కానీ ఆయన దగ్గర ఫ్లాట్‌హెడ్ ఉంది, ఆయనకి కావాల్సిన బండికి అదే ఇంజిన్. 32లోనే ఫోర్డ్ ఆ వి8ని 500 డాలర్ల లోపు బండిలో అమ్మింది. హాట్ రాడ్ అన్న ఆట అంతా మొదలైంది అక్కడ. పైగా షెవర్లేకి డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది, 32 ఫైర్‌వాల్‌కి తగులుతుంది, గోడ కోయాలి. 8బిఎకి ముందే ఉంటుంది.

180 పౌండ్-అడుగుల టార్క్ ఉన్న ఇంజిన్‌కి, సన్నటి బయస్ టైర్లకి బాంజో చాలు. కానీ అది టి5తో కలిపితే ఒక చిక్కుంది.

ఫోర్డ్ 1948 దాకా టార్క్ ట్యూబ్ వాడింది. షాఫ్ట్ ఒక గొట్టంలో ఉంటుంది, ఆ గొట్టం ముందు చివర గేర్‌బాక్స్‌కి బంతి జాయింటుతో ఆనుతుంది. వెనక చక్రాలు బండిని ముందుకు నెట్టే తోపు ఆ గొట్టంలోంచే వెళ్తుంది, హౌసింగ్ తిరగబడకుండా ఆపేదీ ఆ గొట్టమే. టి5 పెట్టి మామూలు ఓపెన్ షాఫ్ట్ వేస్తే ఈ రెండు పనులూ చేసేవాళ్లుండరు. క్లచ్ వదిలిన క్షణంలో హౌసింగ్ పైకి తిరుగుతుంది, అడ్డంగా ఉన్న కమాన్ దాన్ని ఆపలేదు. కాబట్టి ఓపెన్ షాఫ్ట్ కన్వర్షన్‌తో పాటు వెనక ల్యాడర్ బార్లో (నిచ్చెన ఆకారపు రాడ్లు), 4-బారో, కింద ఒక టార్క్ ఆర్మో కచ్చితంగా పెట్టాలి. ఫోర్డ్ వెనక రేడియస్ రాడ్లనే చీల్చి ఫ్రేముకి కట్టి వదిలేసేవాళ్లుంటారు. అవి టార్క్ ట్యూబ్‌కి ఆసరాగా ఉండేందుకు చేసినవి, ఒంటరిగా ఆ మెలికని మోయలేవు.

ఆటోనగర్_కమాన్

ఇది మాకు బాగా తెలిసిన సంగతి. వెనక హౌసింగ్ తిరగబడితే ముందు పోయేది యూనివర్సల్ జాయింట్‌లోని క్రాసే. జాయింట్ రాడ్డు కోణం మారి క్రాసు సూదులు నలిగిపోతాయి.

డియర్‌బోర్న్_డ్యూస్

అయితే ల్యాడర్ బార్లు. పొడవు ఎక్కువ పెట్టి, ముందు చివర రెండూ దగ్గరగా, గేర్‌బాక్స్ క్రాస్‌మెంబరు దాకా తీసుకొస్తాను. ముందు జాయింటులు విడివిడిగా దూరంగా ఉంటే ఇందాకటి హెయిర్‌పిన్ గొడవే వెనకా వస్తుంది, బాంజో హౌసింగ్ ఐ-బీమ్‌లా మెలితిరగదు కదా.

రేషియో లెక్క వేశాను. వెనక టైరు ఎత్తు 30 అంగుళాలు, గంటకి 65 మైళ్లు. వేగాన్ని 336తో, రేషియోతో గుణించి టైరు ఎత్తుతో భాగిస్తే, 3.78 బాంజోతో నాలుగో గేరులో 2,750 ఆర్‌పిఎం. టి5 ఐదో గేరు 0.72 అయితే 1,980. 4.11 బాంజో అయితే నాలుగులో 2,990, ఐదులో 2,155.

పాతఫోర్డు_ఒహాయో

3.78 ఉంచండి. ఫ్లాట్‌హెడ్‌కి టార్క్ 2,000 దగ్గరే గరిష్ఠం, 1,980 దానికి సుఖంగా ఉంటుంది. 3.00 లాంటి పొడుగు రేషియో పెడితే ఐదులో 1,570కి పడుతుంది, ఎక్కుడు వచ్చిందంటే ఇంజిన్ ఈడుస్తుంది.

టి5 కొనేముందు వెనక హౌసింగ్ బోల్టుకి వేలాడే రేకు చూడండి, 1352తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరుతో లోపలి రేషియోలు తెలుస్తాయి. షెవర్లే ఎస్-10 ట్రక్కుల టి5కి గేరు రాడ్డు ముందుకు ఉంటుంది, 32 బెంచీ సీటుకి అదే సరిపోతుంది. కానీ వాటిలో కొన్నింటికి మొదటి గేరు 4.03. 3.78 బాంజోతో అది మరీ పొట్టి, బండి కదిలిందో లేదో రెండోది వేయాలి. ఐదోది కూడా కొన్నింట్లో 0.72 కాదు, 0.86. అప్పుడు మీ 1,980 కాస్తా 2,365 అవుతుంది.

ఇంజిన్ మౌంటులు కట్టకముందు ఆ బ్లాకును పగుళ్లకి మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్లు పట్టే పరీక్ష) చేయించారా? ఫ్లాట్‌హెడ్‌లో ఎగ్జాస్టు దారి బ్లాకులోంచి, నీళ్ల జాకెట్టు మధ్యలోంచి బయటికి వస్తుంది. నడుమ రెండు సిలిండర్లకి ఒకే దారి. అందుకే వేడి, అందుకే వాల్వు సీటు దగ్గర పగుళ్లు. లోపల అచ్చు పోసినప్పటి ఇసుక ఇంకా ఉండొచ్చు, దాన్ని గీకి తీయించండి. సగం వేడి అక్కడే తగ్గుతుంది.

డియర్‌బోర్న్_డ్యూస్

చేయించాను, పగుళ్లు లేవు. ఇసుక మాత్రం గుప్పెళ్లకొద్దీ వచ్చింది.

హైదరాబాద్_క్లాసిక్స్

చదువుతుంటే ఆశ పుడుతోంది. మా ఇంట్లో తాతగారి పాత అంబాసిడర్ ఉంది. ఇలా ఫ్రేము మార్చి, వి8 పెట్టి ఇక్కడ నడపొచ్చా అన్నా?

వెల్డ్_బీడ్_హ్యూస్టన్

అంబాసిడర్‌కి విడిగా ఫ్రేము ఉండదు, బాడీలోనే కలిసి ఉంటుంది. అందువల్ల ఈ పద్ధతి దానికి కుదరదు. చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన మూల స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకే, అదీ ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకపోతేనే. తాతగారి బండిని ఉన్నది ఉన్నట్టు బాగుచేయండి. దాని ముందు సస్పెన్షన్ బుష్‌లు, బ్రేకులు కొత్తగా చేయించుకుంటే ఆ బండి ఎంత బాగా నడుస్తుందో మీకే తెలుస్తుంది.

డియర్‌బోర్న్_డ్యూస్

అప్‌డేట్. ఫ్రేము బాక్సింగ్ అయింది, కర్ణాల తేడా 1/16 లోపే. ముందు ఇరుసు, బాంజో, చక్రాలు, ఇంజిన్, టి5 అన్నీ టాకుల మీద నిలబెట్టాను. బాడీ కూడా పైన పెట్టాను. ఇంజిన్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, కార్బ్యురేటర్ కూర్చునే చోటు రసమట్టం పెడితే సమంగా వచ్చింది. బాంజో పినియన్‌ని పైకి 3 డిగ్రీలు ఎత్తాను, గేర్‌బాక్స్ షాఫ్ట్‌కి సమాంతరంగా. పాన్‌హార్డ్ బార్ అవసరం లేకుండా ఎఫ్-1 బాక్సుకే మారాను.

ఫైనల్ వెల్డింగ్ మొదలుపెట్టొచ్చా? ఇంకేమైనా చూడాలా?

టెక్సాస్_రాడ్డర్

కోణాలు బరువు మీద కొలిచారా? సీట్లో ఇద్దరు మనుషులంత బరువు, ట్యాంకులో పెట్రోలంత బరువు వేసి మళ్లీ కొలవండి. 32కి ట్యాంకు వెనక చివర ఉంటుంది, నిండితే వెనక దిగుతుంది. పినియన్ కోణం అప్పుడే అసలుది.

పాతఫోర్డు_ఒహాయో

టెక్సాస్ గారు చెప్పింది చేయండి. దాంతో పాటు సీటు పెట్టి కూర్చుని క్లచ్, బ్రేకు పెడల్స్ చివరిదాకా తొక్కి చూడండి, ఎఫ్-1 బాక్సు కాలమ్ మీ మోకాలికి తగలకూడదు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎడమ టైరుకీ హెయిర్‌పిన్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. ఒక పక్క జాక్ పెట్టి లేపి మళ్లీ అదే తిప్పండి, డ్రాగ్ లింక్ ఫ్రేముకి ఎక్కడైనా రాసుకుంటుందేమో. హ్యాండ్ బ్రేకు కేబులు, ఎగ్జాస్టు గొట్టం ల్యాడర్ బార్ల పక్కనుంచి వెళ్లే దారి ఇప్పుడే చూసుకోండి. ఇవన్నీ కుదిరితే ముందు మధ్య క్రాస్‌మెంబరు వెల్డ్ చేయండి, తర్వాత వెనక బ్రాకెట్లు, ముందు హెయిర్‌పిన్ బ్రాకెట్లు చివరికి. ప్రతిదాని తర్వాతా కర్ణాలు కొలవండి.